జాడా, సంకేతమా? – చేపల విసర్జనపై రద్దీ, ఆహారాల ప్రభావం: టోడ్‌ఫిష్ పరిశోధనల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

చేపలు నీటిలోకి విడిచే నత్రజని వ్యర్థాల పరిమాణం, రూపం, వేళ అవి ఎంత కిక్కిరిసి ఉన్నాయి, ఏం తిన్నాయి అనే రెండు విషయాల మీద ఆధారపడతాయి. ఆ వ్యర్థాలే తోటి చేపలకు రసాయన సమాచారం కూడా కావచ్చునన్న ప్రతిపాదన గత కొన్ని దశాబ్దాలుగా బలపడుతూ వచ్చింది. గల్ఫ్ టోడ్‌ఫిష్ మీద జరిగిన పరిశోధనలను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, 'వ్యర్థం' నుండి 'సంకేతం' అనే నిర్ణయానికి చేరే క్రమంలో ప్రయోగ పద్ధతులు ఎక్కడ తడబడ్డాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: విసర్జన, అమ్మోనియా, యూరియా, రద్దీ, నిర్బంధం, ఫెరోమోన్, గల్ఫ్ టోడ్‌ఫిష్, తిలాపియా.

1. పేరులోనే తీర్పు

శరీరం బయటికి పంపే పదార్థాలను తెలుగు శాస్త్రపరిభాష రెండు గదుల్లో సర్దింది. పనికిరానిది బయటికి పోతే విసర్జన, పనికివచ్చేది ఊరితే స్రావం. పదో తరగతి జీవశాస్త్రం నుండి విశ్వవిద్యాలయ పాఠ్యక్రమం వరకు అమ్మోనియా, యూరియా మొదటి గదిలోనూ, హార్మోన్లు రెండవ గదిలోనూ ఉంటాయి. విసర్జించడమంటే వదిలివేయడం. వదిలివేసినదానికి ఇక అర్థం ఉండదన్న భావన ఆ మాటలోనే ఉంది. ఒక పదార్థాన్ని విసర్జితమని పిలిచిన వెంటనే దాన్ని గురించి అడగవలసిన ప్రశ్నల్లో సగం మూతపడతాయి.

నీటిలో బతికే జీవి విషయంలో ఈ విభజన నిలవదు. నేల మీది జంతువు విడిచినది అక్కడే ఉండిపోతుంది, జంతువు ముందుకు సాగిపోతుంది. చేప విడిచినది మాత్రం మరుక్షణంలో పక్క చేప మొప్పల గుండా, ముక్కు గుండా ప్రవహిస్తుంది. ఒకరి వ్యర్థం ఇంకొకరి పరిసరం. కాబట్టి ఒక పదార్థం బయటికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న పక్కన, దాన్ని అవతలి చేప ఎలా అందుకున్నదన్న ప్రశ్న కూడా నిలుస్తుంది.

ఇక్కడ తెలుగులో ఉన్న రెండు సాధారణ పదాలు పరిభాష కంటే బాగా ఉపకరిస్తాయి. జాడ, సంకేతం. జాడ తీస్తారు, సంకేతం ఇస్తారు. జాడ విషయంలో చొరవ అంతా తీసేవాడిదే. అడుగు వేసినవాడికి జాడ వదలాలన్న ఉద్దేశం ఉండనక్కరలేదు, అసలు వదలకపోతేనే అతనికి మేలు కావచ్చు. సంకేతానికి ఇద్దరు కావాలి, ఇద్దరి మధ్య ముందే కుదిరిన ఒప్పందం కావాలి. అలంకారశాస్త్రంలో సంకేతితార్థమన్న మాటకు ఆధారం ఈ ఒప్పందమే. జంతు సంకేతాలపై 2003లో వచ్చిన గ్రంథంలో జాన్ మేనార్డ్ స్మిత్, డేవిడ్ హార్పర్ ఇచ్చిన నిర్వచనం దీనికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంటుంది. వారి ప్రకారం, గ్రహీత ప్రవర్తనను మార్చే లక్షణమంతా సంకేతం కాజాలదు. ఆ మార్పు తెచ్చే ప్రయోజనం వల్లనే ఆ లక్షణం పరిణామంలో రూపొంది ఉండాలి, గ్రహీత ప్రతిస్పందన కూడా దానికి అనుగుణంగా రూపొంది ఉండాలి. పేటర్ కార్ల్‌సన్, మార్టిన్ లూషర్ 1959లో ఫెరోమోన్ అనే పదాన్ని సృష్టించినప్పుడు ఇంకొక షరతు పెట్టారు: పంపేదీ అందుకునేదీ ఒకే జాతికి చెంది ఉండాలి.

చేపల విసర్జనపై వచ్చిన సాహిత్యంలో ఈ షరతులను తరచుగా ప్రస్తావిస్తారు, అరుదుగా పరీక్షిస్తారు.

2. ఆహారం నుండి అమ్మోనియా దాకా

రసాయన సమాచారం సంగతికి వెళ్ళేముందు విసర్జన లెక్క చూడాలి. అస్థి చేపలలో అధికభాగం అమ్మోనోటెలిక్ జీవులు. మాంసకృత్తుల విచ్ఛిత్తిలో వచ్చిన నత్రజనిని ఎక్కువగా అమ్మోనియా రూపంలోనే విడుస్తాయి. ఈ పని మూత్రపిండాల కంటే మొప్పల ద్వారానే ఎక్కువ జరుగుతుందని హోమర్ స్మిత్ 1929లో నిరూపించాడు. కార్ప్, గోల్డ్‌ఫిష్‌లపై చేసిన ఆ ప్రయోగాల్లో మొప్పల ద్వారా పోయే నత్రజని మూత్రంలో పోయేదానికి ఆరు నుండి పది రెట్లు ఉన్నట్లు తేలింది. చేపకు సంబంధించినంతవరకు ప్రధాన విసర్జనాంగం, ప్రధాన శ్వాసాంగం ఒకటే. ఈ చిన్న విషయాన్ని మరచిపోతే తరువాతి చర్చ సగం అర్థం కాదు.

మాంసకృత్తులలో సుమారు 16 శాతం నత్రజని. 30 శాతం మాంసకృత్తులున్న మేత 100 కిలోలు వేస్తే అందులో 4.8 కిలోల నత్రజని ఉంటుంది. చేప మూడో వంతు ఒంటికి పట్టించుకున్నదనుకున్నా 3 కిలోలకు పైగా తిరిగి నీటిలోకే వస్తుంది. అందులో కొంత అరగని మలంగా, మిగతా ప్రధానభాగం మొప్పల గుండా అమ్మోనియాగా వస్తుంది. మేతలోని మాంసకృత్తుల శాతమే కాక వాటి నాణ్యత కూడా ఈ లెక్కను మారుస్తుంది. అమైనో ఆమ్లాల కూర్పు చేప అవసరానికి సరిపోకపోతే మిగిలినవన్నీ ఇంధనంగా మండి అమ్మోనియాగా బయటపడతాయి.

పరిమాణంతో పాటు వేళ కూడా ఉంది. పసిఫిక్ సాల్మన్లలో ఒకటైన సాకై సాల్మన్ పిల్లలపై బ్రెట్, జాలా 1975లో ప్రచురించిన పరిశీలన ఈ రంగంలో నేటికీ ఆధారగ్రంథం వంటిది. రోజుకు ఒకసారి మేత వేసినప్పుడు అమ్మోనియా విసర్జన మేత మొదలైన సుమారు 4 నుండి 4.5 గంటలకు శిఖరానికి చేరి, తరువాత తగ్గింది. యూరియా మాత్రం మేత వేళతో నిమిత్తం లేకుండా రోజంతా దాదాపు ఒకే స్థాయిలో ఉంది. అంటే అమ్మోనియా పెరుగుదల ఆ చేప ఎప్పుడు తిన్నదో చెబుతుంది. ఇతర చేపలకు ఆ సమాచారం అందుతుందా అన్న ప్రశ్న ఆ వ్యాసానిది కాదు. అయినా చదివేవారికి అది తట్టక మానదు.

అమ్మోనియా విషం కావడంతో సమస్య మరింత జటిలమవుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ మంచినీటిలో, పీహెచ్ 7 వద్ద మొత్తం అమ్మోనియాలో ఒక శాతం కంటే తక్కువే విషపూరితమైన అయాన్ రహిత రూపంలో ఉంటుంది. పీహెచ్ 8 వద్ద అది 5 శాతం దాటుతుంది. 9 వద్ద మూడో వంతును మించుతుంది. ఒకే రద్దీ, ఒకే మేత ఉన్న రెండు తొట్లలో నీటి పీహెచ్ తేడా వల్లనే ఒకచోట చేపలు చురుకుగా, ఇంకొకచోట మందకొడిగా ఉండవచ్చు. ఆ మందకొడితనాన్ని రద్దీ పంపిన 'సందేశానికి' ప్రతిస్పందనగా పొరబడటానికి ఇక్కడ బోలెడు వీలుంది. 1970ల నాటి 'రద్దీ కారకం' పరిశోధనలను చదివేటప్పుడు ఈ సందేహం వదలదు. గోల్డ్‌ఫిష్, కార్ప్‌ల నుండి అటువంటి కారకాన్ని పాక్షికంగా శుద్ధి చేశామని ఫ్యూడరర్ బృందం 1974లో ప్రకటించింది. ఆ శీర్షికలోని 'పాక్షిక' అన్న విశేషణం ఆ పరిశోధనా సంప్రదాయం మొత్తానికీ వర్తిస్తుంది. కిక్కిరిసిన చేపలు సరిగా ఎదగవన్నది పరిశీలన. వాటిని ఎదగనీయని పదార్థం ఒకటి ఉన్నదన్నది ఊహ. రెండింటి మధ్య విషం, ఆకలి, ప్రాణవాయువు కొరత, పోట్లాట అనే నాలుగు సాదా కారణాలు నిలబడి ఉన్నాయి.

3. టోడ్‌ఫిష్ వింత

ఈ నేపథ్యంలో గల్ఫ్ టోడ్‌ఫిష్ ప్రత్యేక స్థానం సంపాదించుకుంది. ఆప్సానస్ బీటా అనే శాస్త్రీయ నామం గల ఈ చేప ఫ్లోరిడా తీరంలోని బిస్కేన్ అఖాతం వంటి లోతు తక్కువ సముద్రజలాల్లో, సముద్రపు గడ్డి మధ్య, రాళ్ళ సందుల్లో, గుల్లల్లో దాగి బతుకుతుంది. పెద్ద తల, వెడల్పాటి నోరు, నిదానమైన నడక. మగచేప ఒక బొరియను గూడుగా చేసుకొని, అందులో నుండి ఈలవంటి కూత పెట్టి ఆడచేపను పిలుస్తుంది, గుడ్లకు కాపలా కాస్తుంది. చూడటానికి ఆకర్షణ ఏమీ లేని ఈ చేప శరీరధర్మ శాస్త్రవేత్తలను మూడు దశాబ్దాలకు పైగా కట్టిపడేసింది.

కారణం ఇది. నెమ్మదిగా, ఒత్తిడి లేకుండా ఉన్నప్పుడు ఈ చేప తక్కిన చేపల మాదిరే గణనీయంగా అమ్మోనియాను విడుస్తుంది. కిక్కిరిసినప్పుడు, లేదా ఇరుకైన చోట నిర్బంధించినప్పుడు, ఒకటి రెండు రోజుల్లోనే యూరియా వైపు మళ్ళుతుంది. రక్తంలో కార్టిసాల్ పెరుగుతుంది, కాలేయంలో గ్లుటమిన్ సింథటేజ్ అనే ఎంజైమ్ చురుకుదనం హెచ్చుతుంది, నత్రజని వ్యర్థంలో అత్యధిక భాగం యూరియా అవుతుంది. మియామీ విశ్వవిద్యాలయంలో పాట్రిక్ వాల్ష్, అతని సహచరులు ఈ మార్పును 1990ల తొలి సంవత్సరాల్లో వివరంగా నమోదు చేశారు.

అంతకంటే వింత, ఆ యూరియా బయటికి వచ్చే తీరు. అది నిరంతరం కారదు. రక్తంలో గంటల తరబడి పేరుకొని, రోజుకు ఒకటి రెండు సార్లు మాత్రమే, ఒక్కొక్కసారి మూడు గంటలు మించని వ్యవధిలో, ఒక్క పెట్టున వెలువడుతుంది. క్రిస్ వుడ్, వాల్ష్ బృందాలు 1995 నుండి ప్రచురించిన వరుస వ్యాసాలు ఈ విడుదల మొప్పల వద్ద జరుగుతుందని, మొప్పల్లోని యూరియా వాహక ప్రోటీన్ ఇందులో పాల్గొంటుందని, విడుదలకు కొన్ని గంటల ముందు కార్టిసాల్ తగ్గుతుందని, చివరి మీట సెరటోనిన్ చేతిలో ఉన్నదని ఒక్కొక్కటిగా తేల్చాయి. ఒక విసర్జన ప్రక్రియ యంత్రాంగాన్ని ఇంత ఓపికతో విప్పిచూపిన సందర్భాలు చేపల శరీరధర్మ శాస్త్రంలో ఎక్కువ లేవు.

అయితే 'ఎలా' అన్నది తేలిన కొద్దీ 'ఎందుకు' అన్నది బిగుసుకుంది. అమ్మోనియాను విడవడానికి చేపకు పెద్ద ఖర్చు లేదు. ఒక యూరియా అణువు తయారీకి ఐదు ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. విషం నుండి తప్పించుకోవడానికే ఈ ఖర్చు అనుకుందామంటే, టోడ్‌ఫిష్ కుటుంబం చేపలలోకెల్లా అమ్మోనియాను బాగా తట్టుకోగలిగే వాటిలో ఒకటని వాంగ్, వాల్ష్ 2000లో చూపారు. నిప్పుకు భయపడనివాడు నీళ్ళ బిందెలు ఎందుకు పేర్చుకుంటున్నాడన్నట్లు ఉంది వ్యవహారం. విసర్జన గదిలో జవాబు దొరకక, పరిశోధకులు సమాచారం గది తలుపు తట్టారు. ఆ అడుగు సహేతుకమైనదే. అక్కడ దొరికినదాన్ని తూచిన తీరుపైనే అభ్యంతరం.

4. ఒక అడ్డగీత

వాల్ష్, టకర్, హాప్కిన్స్ 1994 వ్యాసం శీర్షికలో 'నిర్బంధం', 'రద్దీ' అనే రెండు మాటల మధ్య ఒక ఏటవాలు గీత ఉంది. నిర్బంధం లేదా రద్దీ, ఏదైనా ఒకటే అన్నట్లు. ఆ వ్యాసం ప్రశ్నకు ఆ గీత చాలు. కాలేయంలో యూరియా తయారీ పెరగడానికి కార్టిసాల్ పెరిగితే చాలు, అది ఏ దారిన పెరిగినా ఫలితం ఒకటే. శరీరధర్మ శాస్త్ర దృష్టిలో చిన్న తొట్టిలో ఒంటరి చేప, పెద్ద తొట్టిలో కిక్కిరిసిన యాభై చేపలు దాదాపు పర్యాయపదాలు.

రసాయన సమాచార దృష్టిలో అవి పరస్పర విరుద్ధాలు. కిక్కిరిసిన తొట్టిలో ప్రతి చేప చుట్టూ గ్రహీతలున్నారు, ఇతరుల వాసనలున్నాయి, అధికారక్రమం ఉంది. ఒంటరి తొట్టిలో అవేవీ లేవు. చెప్పేవాడున్నాడు, వినేవాడు లేడు. అయినా ఆ ఒంటరి చేప యూరియాను దఫాలవారీగానే విడుస్తుంది. యంత్రాంగం గురించి తెలిసినదంతా అధికభాగం ఇలా విడివిడిగా ఉంచిన చేపల నుండే వచ్చింది. అలా రావడం పద్ధతిరీత్యా అనివార్యం కూడా: ఒక చేప ఎప్పుడు ఎంత విడిచిందో కొలవాలంటే దాని నీటిని ఇతరుల నీటి నుండి వేరు చేయాలి. వేరు చేసిన క్షణంలోనే అది ఎవరితోనూ మాట్లాడలేని చేప అవుతుంది. కొలత కోసం సంభాషణను తుంచి, తుంచిన ముక్కలో సంభాషణ కోసం వెతకడం ఈ పరిశోధనల మూలంలో ఉన్న చిక్కు.

దీని నుండి రెండు విషయాలు తేలతాయి. గ్రహీత లేకున్నా దఫాల విడుదల జరుగుతున్నదంటే, అది ఉనికిలో ఉండటానికి సంకేత ప్రయోజనం తక్షణావసరం కాదు. అంత మాత్రాన అది సంకేతం కాదని చెప్పడానికీ వీలు లేదు. వినేవాళ్ళు లేకపోయినా కోకిల కూస్తుంది. ఒంటరి తొట్టి సాక్ష్యం ఏ వైపునకూ తీర్పు చెప్పదు. ఆ సాక్ష్యాన్ని సంకేతవాదానికి మద్దతుగా పేర్చినప్పుడల్లా పాఠకుడు ఆ ఏటవాలు గీతను గుర్తు చేసుకోవాలి.

కార్టిసాల్ కథ కూడా ఇలాంటిదే. ఒత్తిడి హార్మోన్ పెరిగితే యూరియా తయారవుతుంది, అదే హార్మోన్ కాస్త దిగినప్పుడే యూరియా బయటికి వస్తుంది. అంటే ప్రతి విడుదలా ఆ చేప లోపలి స్థితికి అద్దం. పక్కనున్న చేప ఆ అద్దంలోకి చూడగలిగితే ఎదుటిది బెదిరి ఉన్నదా, తేరుకున్నదా అన్నది తెలుసుకోగలదు. ఓడిన చేప తన స్థితిని బయటపెట్టుకోవడం వల్ల దానికి ఒరిగేదేమిటో చూపనంతవరకు అది జాడే.

5. పస్తు ఉన్న చేప, ఒంటరి చేప

రద్దీని కొలిచే ప్రయోగాల్లో ఆహారాన్ని ఒక ఆటంకంగా చూడటం ఆనవాయితీ. తిన్న చేప అమ్మోనియా శిఖరం ఫలితాలను కప్పివేస్తుంది కనుక ప్రయోగానికి ముందు కొన్నాళ్ళు పస్తు ఉంచుతారు. ఆహార ప్రభావాన్ని కొలిచేవారు రద్దీని ఆటంకంగా చూసి చేపలను విడదీస్తారు. ఒక సంప్రదాయంలో ఆకలిగొన్న గుంపు, ఇంకొక దానిలో కడుపు నిండిన ఒంటరి. సముద్రంలోనో చెరువులోనో ఉండేది వీటిలో ఏదీ కాదు. తింటూ గుంపులో ఉండే చేప. వాల్ష్, మిలిగన్ 1995 వ్యాసం ఆహారాన్నీ నిర్బంధాన్నీ ఒకే శీర్షిక కిందికి తెచ్చింది. ఆ దారిలో నడిచినవారు తక్కువ.

ఆహారాన్ని పక్కకు నెట్టడం వల్ల రసాయన సమాచార పరిశోధనకు కలిగిన నష్టం చిన్నది కాదు. ఎందుకంటే చేప వాసనలో ఆహారం పాత్ర ఎంతటిదో వేరే జాతులపై జరిగిన ప్రయోగాలు స్పష్టంగా చూపాయి. బ్రయంట్, అటెమా 1987లో బుల్‌హెడ్ అనే మార్పు జాతి చేపల మేత మార్చినప్పుడు వాటి ఒంటి వాసన మారి, అప్పటిదాకా పరస్పరం పరిచయమున్న చేపల మధ్య సామాజిక ప్రవర్తన దెబ్బతిన్నది. మేత మారితే పొరుగువాడు అపరిచితుడైపోయాడు. మేథిస్, స్మిత్ 1993 ప్రయోగం ఇంకా పదునైనది. పైక్ అనే వేటచేపను మునుపెన్నడూ ఎరుగని మిన్నో చేపలు, మిన్నోలను తిన్న పైక్ ఉన్న నీటికి భయపడ్డాయి. స్వోర్డ్‌టెయిల్ చేపలను తిన్న పైక్ నీటికి భయపడలేదు. కార్ల్ ఫన్ ఫ్రిష్ 1938లో గుర్తించిన భీతి పదార్థం మిన్నో చర్మంలో ఉంటుంది, అది వేటచేప కడుపు దాటి కూడా తన వాళ్ళకు చేరింది. 1995లో బ్రౌన్, చివర్స్, స్మిత్ గమనించిన విషయం దీనికి ముగింపు వాక్యం లాంటిది: పైక్ తాను వేటాడే చోట కాక దూరంగా వెళ్ళి మలవిసర్జన చేస్తుంది.

పైక్ ఉదాహరణ విలువ అది సంకేతం కానందువల్లనే. మలం నుండి సమాచారం వెలువడింది, గ్రహీత ప్రవర్తన మారింది, ఆహారం ఆ సమాచారాన్ని నిర్ణయించింది. అయినా పంపినవాడికి దానివల్ల నష్టమే. నష్టాన్ని తగ్గించుకోవడానికి పైక్ తన అలవాటును మార్చుకున్నట్లు కనిపిస్తుంది. ఇది కల్తీ లేని జాడ. చేపల విసర్జనలో సమాచారం ఉన్నదని చూపడం సులభం. అది సంకేతమని చూపడం వేరే పని.

6. శీర్షికలు నడిచిన దారి

టోడ్‌ఫిష్ సాహిత్యంలో ఈ రెండవ పని ఎలా సాగిందో శీర్షికలే చెబుతాయి. స్లోమన్, మెక్‌డొనాల్డ్ తదితరుల 2005 వ్యాసం శీర్షిక ఒక ప్రశ్న: దఫాల యూరియా విసర్జన సామాజిక సంకేతమా? 2006లో బారిమో, వాల్ష్ వ్యాసం శీర్షికలో ప్రశ్నార్థకం లేదు. యూరియాను చేప ఒక రసాయన ముసుగుగా వాడుకుంటున్నదని నేరుగా ప్రకటించింది. 2019లో కార్టొలానో బృందం మళ్ళీ ప్రశ్నకు వచ్చింది: ఈ విసర్జన ద్వారా టోడ్‌ఫిష్ తన పునరుత్పత్తి స్థితిని తెలియజేస్తుందా? 2020లో అదే వరుసలోని వ్యాసం సామాజిక హోదాను తెలియజేస్తుందనడానికి 'సాక్ష్యం' అన్న మాటతో మొదలైంది.

ప్రశ్న, ప్రకటన, ప్రశ్న, సాక్ష్యం. ఒకే దృగ్విషయానికి పదిహేనేళ్ళలో ఒక ముసుగు, రెండు సందేశాలు ప్రతిపాదితమయ్యాయి. వీటిలో ముసుగు సిద్ధాంతం స్వభావరీత్యా తక్కిన రెండింటికీ భిన్నం. అమ్మోనియా వాసన పట్టి వచ్చే గ్రే స్నాపర్ వంటి వేటచేప నుండి తప్పించుకోవడానికి యూరియా ఉపకరిస్తుందన్నది దాని సారం. గ్రహీత వేరే జాతి కాబట్టి కార్ల్‌సన్, లూషర్ల నిర్వచనం ప్రకారం ఇది ఫెరోమోన్ కానే కాదు; జాడను చెరిపివేయడం. ఊహ అందమైనది, పరిణామరీత్యా అర్థవంతమైనది, ఏటీపీ ఖర్చుకు ఒక గిట్టుబాటు ధర చూపుతుంది. కానీ ఇది నిజమైతే, అదే యూరియా తోటి చేపలకు హోదానో పునరుత్పత్తి స్థితినో చాటుతున్నదన్న వాదానికి ఒక అదనపు భారం పడుతుంది. దాచుకోవడానికి వాడే వస్తువునే చాటుకోవడానికీ వాడటం అసాధ్యం కాదు. వేటచేపకు వినిపించని చెవిలో మాట కావచ్చు. అలాగైతే స్నాపర్ పసిగట్టలేనిది టోడ్‌ఫిష్ ఎలా పసిగడుతున్నదో చూపాలి. ముసుగుకు యూరియానే చాలు. హోదా తెలిపేది యూరియానా, దానితో పాటు అదే వేళ మొప్పల గుండా జారిపోయే వేరే పదార్థమా అన్నది విడదీయాలి. యూరియా కేవలం బండి కావచ్చు, ప్రయాణికుడు ఇంకొకరు కావచ్చు.

2005, 2019 శీర్షికలలోని ప్రశ్నార్థకాలను బలహీనతగా చూడకూడదు. ఆ రెండు వ్యాసాలూ జంటలుగా, గుంపులుగా ఉన్న చేపల వద్దకు వెళ్ళాయి. వినేవాడున్న చోట ప్రశ్న అడిగాయి. తేలిగ్గా అందే 'అవును'ను అవి పుచ్చుకోలేదు. సంకేతమన్న మాటను ధారాళంగా వాడే సమీక్షా వ్యాసాల కంటే ఈ సంకోచమే ఈ రంగానికి చేసిన మేలు ఎక్కువ.

7. మొజాంబిక్ తిలాపియా గీటురాయి

రుజువు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పోర్చుగల్‌లోని అల్గార్వె విశ్వవిద్యాలయం వైపు చూడవచ్చు. మొజాంబిక్ తిలాపియా మగచేప మూత్రాన్ని నిలవ చేసుకొని, ప్రత్యర్థి ఎదురైనప్పుడు, ఆడచేప సమీపించినప్పుడు చిన్న చిన్న దఫాలుగా విడుస్తుంది. ఆధిపత్యం గల మగచేప మూత్రం ఘ్రాణశక్తి పరీక్షలలో బలమైన స్పందన కలిగిస్తుందని బరాటా బృందం 2007లో చూపింది. 2014లో కెల్లర్-కోస్టా బృందం అందులోని క్రియాశీల పదార్థాలను రెండు స్టెరాయిడ్ గ్లూకురొనైడ్‌లుగా గుర్తించి, అవి ఆడచేప హార్మోన్ల వ్యవస్థను ప్రభావితం చేస్తాయని నిరూపించింది.

ఇక్కడ గొలుసులోని లంకెలన్నీ కనిపిస్తాయి. విడుదల సందర్భాన్ని బట్టి మారుతుంది, పదార్థం పేరు తెలుసు, ముక్కు దాన్ని పసిగడుతుంది, గ్రహీత శరీరం మారుతుంది. టోడ్‌ఫిష్ విషయంలో మొదటి లంకె యంత్రాంగం తిలాపియా కంటే లోతుగా తెలుసు. మిగతా లంకెలే ఇంకా వదులుగా ఉన్నాయి. ఇందుకు చేప శరీర నిర్మాణం కూడా కొంత కారణం. తిలాపియా మూత్రాన్ని సేకరించి, విడిగా పరీక్షించవచ్చు. టోడ్‌ఫిష్ మూత్రపిండాలకు గ్లోమెరులస్‌లు లేవు, మూత్రం స్వల్పం, యూరియా మొప్పల నుండి నేరుగా పరిసర జలంలో కలిసిపోతుంది. సీసాలో పట్టి దాచగలిగిన సందేశానికి, గాలిలో అన్న మాటకు ఉన్న తేడా ఇది.

8. కొల్లేరు చెరువుల వద్ద అదే అడ్డగీత

ఈ చర్చ ఫ్లోరిడా తొట్లకే పరిమితమైనది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కొల్లేరు చుట్టుపక్కల శీలావతి, బొచ్చె చేపల పెంపకంలో స్థిరపడిన ఒక పద్ధతి ఈ రెండు కారకాలనూ ఉద్దేశపూర్వకంగానే వాడుకుంటుంది. చేపపిల్లలను ఏడాది పాటు అధిక సాంద్రతలో, తక్కువ మేతతో ఉంచి ఎదుగుదలను అణచిపెడతారు. తరువాత పలుచగా పెంపకపు చెరువులో వదిలి, తవుడు, నూనెగింజల చెక్క సమృద్ధిగా అందిస్తే అవి వెనకబడ్డ ఎదుగుదలను వేగంగా పూడ్చుకుంటాయి. రైతు లెక్కలో ఈ పద్ధతికి వంక పెట్టవలసింది లేదు. పరిశోధకుడి లెక్కలో మాత్రం ఇది 1994 శీర్షికలోని ఏటవాలు గీతకు స్థానిక రూపం. రద్దీ, అర్ధాకలి ఒకేసారి మొదలై ఒకేసారి ముగుస్తాయి. ఎదుగుదలను ఆపినది ఏది? కడుపు మాడటమా, అమ్మోనియానా, పోటీ వల్ల పెరిగిన కార్టిసాలా, పక్క చేపలు వదిలిన ఏదైనా పదార్థమా? పంటను చూసి ఇది చెప్పడం సాధ్యం కాదు.

చెరువు నీటి పరీక్షలో సాధారణంగా చూసేవి అమ్మోనియా, పీహెచ్, కరిగిన ప్రాణవాయువు. ఇవి విషాన్ని కొలుస్తాయి, వాసనను కొలవవు. నీటిని శుద్ధి చేసి మళ్ళీ వాడుకునే ఐరోపా చేపల పెంపక కేంద్రాల్లో స్టెరాయిడ్లు పేరుకుంటున్నాయని మోటా బృందం 2014లో నమోదు చేసింది. అమ్మోనియా పరీక్షలో నెగ్గిన నీరు చేపకు నిశ్శబ్దమైన నీరు కానక్కరలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

విడదీయడం కష్టమైన పనే, ఖరీదైన పని మాత్రం కాదు. ఒకే ఈడు శీలావతి పిల్లలను నాలుగు వరుసల తొట్లలో ఉంచవచ్చు: కిక్కిరిసి కడుపు నిండా, కిక్కిరిసి అర్ధాకలితో, పలుచగా కడుపు నిండా, పలుచగా అర్ధాకలితో. అయిదవ వరుసలో పలుచగా, కడుపు నిండా మేసే పిల్లలకు కిక్కిరిసిన తొట్టి నీటిని, అమ్మోనియాను తొలగించి, ప్రాణవాయువును సరిచేసి పారించవచ్చు. ఈ అయిదవ వరుస పిల్లలు మూడవ వరుస పిల్లల కంటే తక్కువగా ఎదిగితే నీటిలో ఇంకేదో ఉన్నదని అనుమానించడానికి మొదటిసారిగా సరైన కారణం దొరుకుతుంది. గుంపులో ఏ చేప ఏ దఫాలో విడిచిందన్న ప్రశ్నకు కూడా ఆహారమే పనిముట్టు కాగలదు: ఒక్క చేపకు నత్రజని-15 ఐసోటోపు కలిపిన మేత పెట్టి, కొన్నాళ్ళకు దాన్ని గుంపులో వదిలితే, ఉమ్మడి నీటిలో దాని వ్యర్థం మాత్రమే గుర్తు పట్టేలా ఉంటుంది. అప్పుడు కొలత కోసం చేపను ఒంటరిని చేయవలసిన అవసరం ఉండదు.